కత్తెర ముట్టని మావయ్య

మావయ్యకు ముడి కనిపిస్తే చాలు, ఇక లోకం కనిపించదు. చీపురు కట్టైనా, ఎదుటివాడి బూటు లేసైనా సరే, విప్పితే తప్ప అక్కణ్ణించి కదలడు. కత్తెర అన్న మాట వింటేనే చెవులు మూసుకుంటాడు. వీధంతా ఆయన్ని మావయ్యా అనే పిలుస్తుంది గానీ, ఆ జబ్బుతో కాపురం చేసింది మాత్రం పాపం అత్తయ్య ఒక్కతే.

ఉద్యోగమా, పార్సిల్ ఆఫీసులో! చిరిగిన పార్సిళ్లు విప్పి మళ్లీ కట్టడం ఆయన పని. పక్కవాళ్లు పురికొస కచక్కున కోసి డజను పార్సిళ్లు పంపించేలోగా, మావయ్య ఒక్కదాని ముందే కూచుని, నాలుక కొస బయటపెట్టి, గోటితో ముడిని బుజ్జగిస్తుంటాడు. పై అధికారి విసిగిపోయి కొత్త కత్తెర బహూకరించాడు. మావయ్య దాన్ని కాయితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకున్నాడు.

ఓసారి దంపతులిద్దరూ పెళ్లికి బయల్దేరారు. బస్టాపులో ఎవరిదో గొడుగు తాడు చిక్కుపడింది. మావయ్య అందుకున్నాడు. బస్సు వచ్చింది. అత్తయ్య ఎక్కింది. కాసేపు చూసి గొడుగు ఆసామీ కూడా గొడుగుకు నీళ్లొదులుకుని అదే బస్సెక్కాడు. మావయ్య మాత్రం విందు ముగిశాక, చక్కగా విప్పిన గొడుగుతో వచ్చాడు.

దీనివల్ల మీకు ఒరిగేదేమిటని అత్తయ్య అడగని రోజు లేదు. ఏమోనే, తెలీదనేవాడు. ఓ సాయంత్రం టీవీలో ఎవడో కాళ్లకు పొడుగాటి చెక్కలు కట్టుకుని మంచుకొండ మీంచి జర్రున జారాడు. కిందికి చేరాక ఒక్కడే నిలబడి పకపకా నవ్వాడు.

"వీడిదీ నా జబ్బే," అన్నాడు మావయ్య మురిసిపోతూ. "జారుతున్నంతసేపూ వాడు లేడు. ముడి విప్పుతున్నంతసేపూ నేనూ ఉండను. తిరిగొచ్చేసరికి ఎందుకో హాయిగా ఉంటుంది."

"మీరు లేనప్పుడు పాలు పొంగిపోతున్నాయి, అది చూసుకోండి ముందు," అంది అత్తయ్య.

అలా ఉండగా మావయ్య అక్కగారు వచ్చి చేరింది. జీవితమంతా కుట్టు దుకాణం నడిపిన మనిషి. చూపు మందగించి మూసేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూచునేది. పెడితే తినేది, పిలిస్తే ఊ అనేది. ఆ ఖాళీ చేతుల్ని చూస్తే అత్తయ్యకు ప్రాణం ఉసూరుమనేది. ఇలాగే మంచం పడుతుందేమోనని భయం కూడా వేసింది.

ఇంతలో మావయ్య ఆఫీసు నుంచి రోజుకో చిక్కుపడ్డ తాడు ఉండ తేవడం మొదలెట్టాడు. నా వల్ల కావడం లేదక్కా అంటూ ఆవిడ ఒళ్లో పడేసేవాడు. ఆ నోట ఆ మాట రావడమే వింత! ముడి విప్పడానికి చూపుతో పనేముంది? వదినగారి వేళ్లు మెల్లగా కదిలాయి. కొన్నాళ్లకు కూనిరాగం వినిపించింది. ఆపైన కూరలో ఉప్పెక్కువైందన్న ఫిర్యాదూ వినిపించింది. మనిషి దారిలో పడిందని అత్తయ్య సంబరపడింది.

ఆ సంబరంలో ఉండగానే అత్తయ్య స్వెట్టరుకు కొనుక్కున్న నీలం ఊలు మాయమైంది. వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్తే, మావయ్య గోడవారన చతికిలబడి ఆ ఊలుకే ముడులు వేస్తున్నాడు. వేసిన మరుక్షణం వేళ్లు వాటంతటవే విప్పేస్తున్నాయి. మళ్లీ వేస్తాడు, మళ్లీ విప్పేస్తాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది.

అత్తయ్యను చూసి దొంగలా లేచాడు. "ఆఫీసులో చిక్కులు ఎప్పుడో అయిపోయాయే. ఇన్నాళ్లూ నేనే వేస్తున్నా. ఒక్కటి నిలబెట్టేసరికి తల ప్రాణం తోకకొస్తోంది."

ఊలు సంగతి తేల్చుకుందామని వచ్చిన అత్తయ్య ఆ మాటే మరిచిపోయింది. కొంగు దోపుకుని ఆయన పక్కనే కూలబడింది. "ఇటివ్వండి. చిక్కులు పెట్టడం మీకేం చేతనవును?"

మర్నాడు మావయ్య ఆఫీసుకు వెళ్లాక వదినగారు ఆ నీలం ఉండను అందుకుంది. ఒక ముడి తడిమింది, ఇంకోటి తడిమింది, ఆగింది.

"ఇది నువ్వు వేసిందేనా?"

అత్తయ్య గతుక్కుమంది.

"వాడి ముడులు నాకు తెలుసులే, ఇలా ముట్టుకుంటే అలా ఊడొస్తాయి. పాపం, కష్టపడుతున్నాడని నేనే కాసేపు తంటాలు పడ్డట్టు కూచునేదాన్ని," అంటూ వదినగారు నవ్వింది. "నీవి గట్టిగా ఉన్నాయమ్మా. రేపట్నుంచి నువ్వే వెయ్యి. వాడితో మాత్రం అనకు, చిన్నబుచ్చుకుంటాడు."