పది వరసల చెట్లు

బడులు తెరిచే జూన్ నెలలో మా బస్సు బంగారుపాళ్యం దాటుతుంటే కిటికీలోంచి ఫ్యాక్టరీల్లో మామిడి గుజ్జు ఉడికే వాసన వస్తుంది. కొత్తగా ఎక్కినవాళ్ళు ఆహా అంటారు. చిత్తూరు నుంచి రోజూ ఆ దారినే బడికి వెళ్ళి పాఠాలు చెప్పే నేను మాత్రం, తీపి ముదిరి పులుపెక్కిన ఆ వాసన తగలగానే కిటికీ మూసేస్తాను. నేను చదువుకున్న ప్రాథమిక పాఠశాల ఒక తోతాపురి మామిడి తోపును ఆనుకుని ఉండేది. ఆ తోపులోనే మునిరత్నం అయ్యవారు నాకు గుణకారం నేర్పారు. ఆయన ఇప్పుడు లేరు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మనసు నెమ్మదిగా ఉండాలంటారు. నాకు నెమ్మది లేదు, కోపమే ఉంది. ఎవరి మీదంటే చెప్పలేను.

ఆయన పొట్టి మనిషి. బెత్తం ముట్టేవారు కాదు గానీ, నోరు బెత్తం కన్నా చురుకు. ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లల్ని చూస్తే ఆయనకు ఒళ్ళు మంట. చిలకలు అనేవారు. ఆ చిలకల్లో నేనే పెద్ద చిలకను. ఇరవయ్యో ఎక్కం దాకా నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అలాంటిదాన్ని, ఇరవైమూడును పద్నాలుగుతో గుణించమంటే బోల్తా పడ్డాను. నాలుగుతో గుణించి తొంభైరెండు వేశాను. ఒకటితో గుణించి ఇరవైమూడును దాని కిందే నేరుగా వేశాను. రెండూ కూడి నూటపదిహేను అని పలక ఎత్తి చూపించాను. నా పక్క పిల్ల రెండో వరస చివర ఇంటూ గుర్తు పెట్టి, అంకెల్ని ఒక గడి ఎడమకు జరిపింది. దాని జవాబు సరిపోయింది. ఎందుకు జరిపావని అయ్యవారు అడిగితే, మా అన్న అట్లే పెడతాడు అంది. ఇద్దరికీ చీవాట్లు పడ్డాయి.

తరగతి మొత్తాన్నీ తోపులోకి తోలుకుపోయారు. వరసకు ఇరవైమూడు చెట్లు, మొత్తం పద్నాలుగు వరసలు. నన్ను నాలుగో వరస దాటించి నిలబెట్టారు.

"నీ ఎనకాల నాలుగు వరసలు, తొంభైరెండు చెట్లు. ఒప్పుకుంటా. ముందర పది వరసలుండాయి. ఆడ ఇరవైమూడు చెట్లేనా? సూసి చెప్పు."

చూశాను. ఇరవైమూడు చెట్లు ఒక్క వరసలోనే ఉన్నాయి. దాని వెనక మరో వరస, ఆ వెనక మరొకటి. పద్నాలుగులో ఒకటి ఉన్నది పదుల స్థానంలో అని పుస్తకంలో చదివాను గానీ, ఆ ఒకటి అంటే ఇన్ని చెట్లని నాకు అంతవరకూ తెలియదు. రెండువందల ముప్పై అన్నాను. ఇంటూ గుర్తు బదులు సున్న పెట్టమన్నారు ఆయన. పదేసి పదేసి కట్టలు కట్టగా విడిగా ఒక్క చెట్టూ మిగల్లేదని తెలిసి పెట్టే సున్న అది అన్నారు. తిరిగి వస్తూ ఇంకొక మాట అన్నారు.

"బట్టీ పట్టింది పోతాది పాపా. అర్థమైంది యాడికీ పోదు."

ఆ మాట పట్టుకునే నేను టీచరునయ్యాను. నా పిల్లలకు ఏళ్ళ తరబడి అదే మాట చెప్పాను.

ఆయన రిటైరయ్యాక కూడా వీధి పిల్లలు సాయంత్రాలు ఆయన వసారాలో చేరేవారు. అప్పుడు పక్షవాతం వచ్చింది. తిరుపతి ఆసుపత్రిలో ఉంచితే కాలూ చెయ్యీ కొంత స్వాధీనంలోకి వచ్చాయి, మాట పూర్తిగా వచ్చింది. ఆయన భార్య రుక్మిణమ్మ నాకు ఫోన్ చేసింది.

"అంతా వచ్చినాది పాపా, లెక్క ఒకటే పోయింది. అది వచ్చేదాకా పిల్లోళ్ళను గడప తొక్కనీను అంటా ఉండాడు. అన్నం గూడా సరిగ్గా తినడు. నువ్వొచ్చి చెప్పి సూడు."

ఆదివారాలు వెళ్ళాను. ఆయన నాకు నేర్పిందంతా ఆయనకే నేర్పబోయాను. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి చేతిలో పెట్టాను. కట్టను చూసి ఒకటి అనేవారు. విప్పితే లెక్కపెట్టి పది అనేవారు. మళ్ళీ కడితే ఒకటే. కట్టలోపల ఆ పది ఏమయ్యాయో ఆయనకు అందేది కాదు. ఇరవైమూడును పద్నాలుగుతో గుణించమంటే తొంభైరెండు కింద నేరుగా ఇరవైమూడు వేసి, కూడి, నా ముఖంలోకి చూసేవారు.

"తప్పే గదా? యాడ తప్పో నాకు కనపడలా పాపా."

ఒక ఆదివారం ఏం చేయాలో తోచక పన్నెండో ఎక్కం మొదలుపెట్టాను. ఆయన నా నోట్లోంచి అందుకున్నారు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు, ఎక్కడా తడుముకోకుండా ఇరవై దాకా పోయారు. వంటింట్లోంచి రుక్మిణమ్మ పరుగెత్తుకొచ్చి దేవుడికి దండం పెట్టింది. లెక్క తిరిగొచ్చిందనుకుంది పిచ్చితల్లి. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఎక్కాలు మెదడులో ఒకచోట, అర్థం మరొకచోట ఉంటాయని తర్వాత డాక్టరు చెప్పాడు. అయ్యవారికి డాక్టరు చెప్పనక్కర్లేదు.

"అర్థమైందే పోయింది సూడు," అన్నారు. పుల్లల కట్ట నావైపు తోసి, "నువ్వింక రావద్దు పాపా," అన్నారు.

అయినా వెళ్ళాను. గోడవైపు తిరిగి పడుకునేవారు. వానాకాలం రాకముందే పోయారు.

నేను ఇప్పటికీ పుల్లల కట్టలతోనే చెబుతాను. ఆ సున్న ఎందుకో చెప్పందే ఎవరినీ ఇంటికి పంపను. ఆయన నుంచి నాకు మిగిలింది ఆ పద్ధతి. దాని వెనకున్న ధైర్యం, అర్థమైంది పోదన్న ధైర్యం, మిగల్లేదు. మొన్న ఒక పాపకు గుణకారంలో రెండో వరస సంగతి తెలిసింది. ఆ క్షణాన ముఖం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. పలక గుండెకు హత్తుకుని, ఇంక నేను మరిచిపోను గదా టీచర్ అని అడిగింది. తరగతంతా నావైపు చూస్తోంది. పన్నెండో ఎక్కం చెప్పమ్మా అన్నాను. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని, చేతులు కట్టుకుని మొదలుపెట్టింది.