సేమియా మొక్క పూసిన వారం

పలాస స్టేషన్‌లో రైలు దిగుతూ మా బావ ఆ కుండీని తలుపుకి కొట్టించకపోతే, నేను జన్మలో మొక్క పెంచేవాణ్ణి కాదు.

బావంటే మా అక్క భర్త. ఆయనా నన్ను బావా అనే పిలుస్తాడు. కాశీబుగ్గలో మోటార్లకు వైండింగు కట్టే చిన్న షాపు ఆయనది. నేను టెక్కలిలో ఒక ఆఫీసులో గుమస్తాని. ఆ వేసవిలో అందరం రాజమండ్రి వైపు చుట్టాల పెళ్ళికి వెళ్ళి, వస్తూ వస్తూ కడియం నర్సరీలు చూశాం. ఒకచోట చూరుకు వేలాడుతున్న కుండీ దగ్గర బావా నేనూ ఆగిపోయాం. ఆకులన్నవే లేవు. సన్నని పచ్చటి కాడలు అంచు మీంచి మూరెడు కిందికి జారి, కొసల్లో రెండేసి పాయలుగా చీలుతున్నాయి. సేమియాకి పచ్చరంగు వేసి ఆరబెట్టినట్టుంది. అది కాక్టస్ అని నర్సరీ ఆవిడ చెప్తే నమ్మలేక బావ వేళ్ళతో నిమిరి చూశాడు. ఒక్క ముల్లు లేదు. బేరమైనా ఆడకుండా కొనేశాడు.

పలాసలో ఆ కుండీ పగిలి, మొక్క వేళ్ళతో సహా రెండుగా విడిపోయింది. బావ ముఖం చూసి అక్కకి నవ్వొచ్చింది.

"సెరో ముక్కా పెంచుకోండి. ఎవుడిది ముందు పూత్తాదో సూద్దాం" అంది.

"ఓడినోడు వంజరం సేప తెచ్చి, గెలిసినోడింట్లో తనే వండాల" అన్నాడు బావ. నేను సరేనన్నాను.

కాక్టస్ కదా, ఎంత ఎండ తగిలితే అంత మంచిదనుకుని నా ముక్కని డాబా మీద వేలాడదీశాను. నీళ్ళు కూడా పొదుపుగానే పోశాను. కొద్ది రోజులకే కాడలు ఎర్రబారి, దారాల్లా చిక్కిపోయాయి. మా ఆవిడ వచ్చి చూసి, "మొక్కని పెంచుతున్నావా, మెత్తళ్ళ చేపలు ఎండబెడతన్నావా?" అంది.

అప్పుడు గాని ఫోన్ తీసి దాని సంగతి చదవలేదు. చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాను. అది ఎడారి మొక్క కాదు. ఎక్కడో వాన కురిసే అడవుల్లో, పెద్ద చెట్ల కొమ్మల సందుల్లో పుడుతుందట. చెట్టు సారం పీల్చదు, కూర్చోడానికి చోటు మాత్రమే తీసుకుంటుంది. నేల తాకకుండానే బతికేస్తుంది. అలాంటిదాన్ని నేను నడి ఎండలో బంకమట్టిలో కూరిపెట్టాను.

దానికి మట్టి కాదు, గాలి ఆడే పీచు కావాలి. పీచుకి మా ఊళ్ళో కొదవేముంది? సంతబొమ్మాళి అవతల సముద్రం ఒడ్డున మా ఊరు. మావాళ్ళందరిదీ చేపల వేటే. ఆదివారం బస్సెక్కి వెళ్ళాను.

"కొబ్బరి డొక్కల కోసం ఇంత దూరం వచ్చినావేటి? ఒంట్లో బాగుందా?" అని అమ్మ నా నుదురు ముట్టుకుని చూసింది. చూసి, బస్తా నిండా నింపి ఇచ్చింది.

ఆ పీచు డొక్కల్ని ముక్కలు కొట్టి మంచినీళ్ళలో నానబెట్టాను. మా ఒడ్డున కొబ్బరిలోనూ ఉప్పుంటుంది. టీ డికాక్షన్‌లా దిగే నీళ్ళు తేటబడేదాకా మార్చి మార్చి పోశాను. బొగ్గు ముక్కలు, గుప్పెడు ఎరువు కలిపి మొక్కని అందులో కూర్చోబెట్టి, తూర్పు కిటికీకి కట్టాను. పక్కింటి కొబ్బరి మట్టల్లోంచి వడకట్టిన వెలుతురు దాని మీద పడుతుంది. వేలు దూర్చి చూసి, పైన పీచు ఆరితేనే నీళ్ళు. ఎండాకాలం పొద్దున్నే కాడల మీద చిలకరింపు. వానలు పడేనాటికి కొసల్లో లేతాకుపచ్చ చిగుళ్ళు పొడుచుకొచ్చాయి.

రోజూ షాపు మూసే వేళకి బావ ఫోన్ చేసేవాడు. "నీదెలగుంది బావా? ఎంత పొడుగొచ్చింది?" అని అడిగి, తన మొక్క ఫోటో పంపేవాడు. అది నా మొక్కకి రెట్టింపు గుబురుగా ఉండేది. ఆ కుళ్ళుతో నేను మర్నాడు ఇంకొంచెం శ్రద్ధగా చూసుకునేవాణ్ణి.

చలికాలంలో నీళ్ళు తగ్గించాను. మాఘమాసంలో ఒక ఉదయం కిటికీ తెరిస్తే, కొసల దగ్గర గుండుసూది తలంత మొగ్గలు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు, కాడ కాడకీ. మా ఆవిణ్ణి కేకేసి పిలిచాను. స్టవ్ మీద పాలు పొంగిపోయినా ఇద్దరం అక్కణ్ణించి కదల్లేదు. మొగ్గ తొడిగాక కుండీని తిప్పినా జరిపినా మొగ్గలు రాలిపోతాయని చదివాను. అందుకని ఆ కిటికీ రెక్కని కూడా తాడుతో కట్టేశాను.

సరిగ్గా ఆ మర్నాడే ఇంటి ఓనరు రంగులవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన కూతురి పెళ్ళి.

"కిటికీలన్నిటికీ రంగెయ్యాల. ఆ గడ్డి తీసి అవతల పెట్టండి" అన్నాడు.

"గడ్డి కాదండి, మొక్క. మొగ్గ మీదుంది. ఇప్పుడు కదిపితే అన్నీ రాలిపోతాయి. ఈ ఒక్క కిటికీ వదిలీండి" అని బతిమాలాను.

ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, వంగి చాలాసేపు చూశాడు. "పెళ్ళికూతుర్ని సేసినాక పిల్లని గుమ్మం దాటనివ్వం. ఇదీ అంతేనన్నమాట" అన్నాడు. రంగులవాళ్ళ వైపు తిరిగి, "దీని జోలికెల్లకండి" అని చెప్పేశాడు. ఇల్లంతా మీగడ రంగులోకి మారింది. ఆ కిటికీ మాత్రం పాత నీలంలోనే ఉండిపోయింది.

ఆ వారం నాకు ఆఫీసులో కాలు నిలవలేదు. భోజనాల వేళ కూడా ఇంటికి పరిగెత్తి చూసొచ్చేవాణ్ణి. ఆదివారం పొద్దెక్కాక విచ్చుకున్నాయి. తెల్లని చిన్న చిన్న చుక్కలు, ఒక్కోదాని మధ్య పుప్పొడి కుచ్చు. వెంటనే బావకి ఫోన్ చేశాను.

మధ్యాహ్నానికల్లా బావా అక్కా బండి మీద వచ్చేశారు. బావ చేతిలో సంచీలో చేప. కిటికీ దగ్గరకెళ్ళి ముఖం పువ్వులకి ఆనించినంత పని చేశాడు.

"మరి నీదింకా మొగ్గెయ్యలేదేటి బావా?" అన్నాను.

అక్క ఆయన భుజం మీద తట్టింది. "సెప్పీ."

"నాదెక్కడిది?" అన్నాడు బావ. "రోజూ నీళ్ళు పోసీసినాను. వానల్లోనే కుళ్ళిపోనాది."

"మరి ఆ ఫోటోలు?"

"ముందు తీసినవే. ఒకటొకటే పంపినాను." మెల్లగా అన్నాడు. "మొక్క పోయిందంటే నీతో ఇంకేటి మాటాడతాను? షాపు మూసీసినాక నాకు అదే సరదా."

నాకు నవ్వు, దుఃఖం ఒకేసారి ముంచుకొచ్చాయి. ఆయన చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయాను. బావ చేప కోస్తుంటే నేను ఉల్లిపాయలు తరిగాను. పులుసులో ఉప్పెక్కువైంది, అందరం మళ్ళీ మళ్ళీ వేసుకుని తిన్నాం. సాయంత్రం పువ్వు లేని కాడలు చూసి, కణుపు దగ్గర తుంచి కాగితంలో చుట్టి ఇచ్చాను. తుంచిన చోటు ఆరాకే నాటమనీ, నీళ్ళు నన్నడిగే పొయ్యమనీ చెప్పాను.

పువ్వులు రాలాక వాటి చోట ముత్యాల్లాంటి కాయలు వచ్చాయి. లోపలి నల్లగింజలు బయటికి కనిపించేంత తేట కాయలు. నిన్న పొద్దున్న ఒక పికిలిపిట్ట కిటికీ మీద వాలి, బెదరకుండా నాలుగు తిని, వీధి చివరి పనసచెట్టు మీదికి ఎగిరిపోయింది. అడవిలో ఈ మొక్క విత్తనాలు చెట్టెక్కేది పిట్టల వల్లేనట. చెప్పులు కూడా వేసుకోకుండా దాని వెనకే పరిగెత్తాను. ఆ చెట్టు మొదటి కొమ్మ సందులో పాత ఆకులు కుళ్ళి, తడిగా, మెత్తగా, ఒక్క గింజ పడితే చాలన్నట్టు ఉన్నాయి.