మాస్టారి పురికొస

బ్రాడీపేట కోచింగ్ సెంటర్లో మా జువాలజీ మాస్టారి జేబులో ఎప్పుడూ మిరపబస్తాలు కుట్టే పురికొస ఉండేది. దాన్ని డీఎన్ఏ అనుకోమనేవారు. వేళ్లతో బిగించి, "ఈ చెయ్యి పీ ఫిఫ్టీ త్రీ ప్రొటీన్‌రా. ఇలా పట్టుకుంటేనే చెడిన కణాన్ని ఆపుద్ది. లాగు!" అనేవారు. ఎంత లాగినా వచ్చేది కాదు. అప్పుడొక వేలు వంకర పెట్టేవారు. తాడు జారిపోయేది.

"క్యాన్సర్లో ఎక్కువ మార్పులొచ్చేది ఈ పట్టు దగ్గరే."

ఆరేళ్ల తర్వాత అదే వీధిలో, క్యాన్సర్ డాక్టరు గది ముందు కనిపించారు, ఒళ్లో ఫైలుతో. పక్కన కూర్చున్నాను. ఆయనే పురికొస తీసి పట్టుకున్నారు.

"లాగరా."

లాగాను. ఊరికే వచ్చేసింది. మళ్లీ ఆయన వేళ్ల మధ్య పెట్టి, "రావట్లేదండీ" అన్నాను.

"తప్పు," అన్నారు మాస్టారు. "మార్కులు పోతాయి."