అక్క జ్వరానికి ఒక సబ్జెక్టు

మా పినపాక వైపు డిగ్రీలో గ్రూపును ఎంచేది బస్సే. పొద్దున బయల్దేరి చీకటి పడకముందే ఇల్లు చేర్చే బస్సు ఏ కాలేజీ ముందు ఆగితే ఆ కాలేజీ, అందులో ఏముంటే ఆ చదువు. ఇంటర్‌లో మొక్కలూ కప్పలూ చదివినవాళ్లు డిగ్రీలో కామర్స్‌లో తేలడం మా దగ్గర వింతేం కాదు.

నేను మాత్రం మైక్రోబయాలజీ అన్నాను. జువాలజీ, కెమిస్ట్రీతో కలిపి ఆ గ్రూపు నాకు అందే దూరంలో ఖమ్మంలోనే ఉంది. ఖమ్మం పేరెత్తితే నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. అంతకు ముందటి వానాకాలంలో జ్వరంతో, దగ్గుతో ఉన్న అక్కను ఖమ్మం దవాఖానాకు తీసుకుపోతుంటే, కొత్తగూడెం దాటాక నాన్న ఒళ్లోనే పోయింది. ఊరి డాక్టరు వైరల్ అన్నాడు. పక్కింటివాళ్లు టైఫాయిడ్ అన్నారు.

అక్క పోయాక కూడా ఇంట్లో ఆమె దగ్గు వినిపించేది. నాకొక్కదానికే అనుకున్నాను. ఒకరోజు బియ్యం ఏరుతున్న అమ్మ చేయి ఆపి లోపలి గది వైపు చూసింది. నేనూ అటే చూశాను. అమ్మ మళ్లీ బియ్యం ఏరసాగింది. నాకు చాలా భయమేసింది. అక్కను తీసుకుపోయింది ఏ జ్వరమో తెలిస్తే ఆ దగ్గు ఆగుతుందనిపించింది.

మణుగూరు నెట్ సెంటర్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు, కంప్యూటర్ ముందున్నాయన “బీజెడ్‌సీ పెట్టు చెల్లె, అందరు గదే పెడుతుండ్రు” అన్నాడు. నేను ఖమ్మం కాలేజీనే మొదట పెట్టించాను. చివర్లో ఓటీపీ పక్కనే నిలబడ్డ నాన్న ఫోన్‌కు వచ్చింది. చూశాడు గానీ చెప్పలేదు.

“గా సదువు సదివితే అక్కకొచ్చింది ఏం జరమో తెలుస్తదా?”

“తెలుస్తది నాయినా.”

నిజంగా నమ్మే చెప్పాను. నాన్న ఒక్కో అంకె మెల్లగా చదివాడు.

ఇప్పుడు ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. వానలు మొదలైతే అడవి ఊళ్ల నుంచి రక్తం శాంపిళ్లు వస్తాయి. గాజు పలక మీద చుక్క పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూస్తాను. మలేరియా కనబడితే, నువ్వేనా అని లోపల అడుగుతాను. డెంగీ తేలినా అదే ప్రశ్న. ఎవరెవరి జ్వరాలకో పేర్లు రాసి పంపిస్తాను. వాళ్లకు మందులు మొదలవుతాయి, చాలామంది లేచి తిరుగుతారు. ఆ సంతోషం నాకుంది.

అక్క సంగతి మాత్రం డిగ్రీ మొదటి ఏడాదిలోనే అర్థమైపోయింది. ఆమెకు సూదులు వేశారు, సెలైన్ ఎక్కించారు. రక్తం మాత్రం ఎవరూ తీయలేదు. తీయకుండా పోయిన రక్తం గురించి చెప్పడం ఏ చదువు వల్లా కాదు.

ఇంటికి వెళితే నాన్న నన్ను చెప్పులు కూడా విప్పనీయడు.

“ఏంది బిడ్డా, తెలిసిందా?”

“ఇంకా సదవాలె నాయినా.”

“సదువు బిడ్డా,” అంటాడు. “నేనుండంగనే తెల్వాలె.”