మెట్ట దాటాల్సిన జీపు

అక్టోబరు ఆఖరి వారంలో ఓడ్నీ జీపు గేర్‌బాక్సు విరిగిపోయింది. పదహారేళ్ళు తిరిగిన బండి. బాగు చేయించడం దండగని ఊళ్ళో అందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. కానీ ఐస్‌లాండ్ ఈశాన్య మూలలో పశువుల డాక్టరు బండి లేకుండా ఉండటానికి అంతకన్నా చెడ్డ కాలం మరొకటి లేదు. గొర్రెలన్నీ కొండల మీంచి దిగి కొట్టాల్లో చేరాయి, మొదటి మంచు పడింది, ఊరి వెనక ఎత్తుగా పరుచుకున్న మెట్ట మీది రోడ్డు ఇక నేడో రేపో మూసేస్తారు. ఆ మెట్టకి అవతల స్వార్తా లోయలో పదకొండు కొట్టాలున్నాయి. వాటన్నిటికీ డాక్టరు ఆవిడొక్కతే.

ఓడ్నీ పొట్టి మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో ఉద్యోగానికి వచ్చినప్పుడు లోయ రైతులు ఆవిణ్ణి ఎగాదిగా చూసి నవ్వుకున్నారు. మొదటి వసంతంలో అడ్డం తిరిగిన గొర్రెపిల్లల్ని ఆ చిన్న చేతులు ఎంత సులువుగా సర్ది బయటికి తీస్తాయో చూశాక నవ్వడం మానేశారు. ఇప్పుడావిడకి యాభై నాలుగు. పెళ్ళి ఒకటి జరిగింది, అదెప్పుడో ముగిసింది. ఆ చేతుల్ని మాత్రం ప్రాణంలా చూసుకునేది. ఎండాకాలంలో కూడా గ్లవుజులు లేకుండా కంచె తీగ ముట్టుకునేది కాదు.

ఆవిడ తమ్ముడు ఓట్టర్‌కి రేవు పక్కన మెకానిక్ షెడ్డుంది. అక్క కోసం ఒక పెద్ద జీపు చూసిపెట్టాడు. దాని టైర్లు ఓడ్నీ నడుము దాకా వచ్చాయి.

“ఇంత బండి నాకెందుకురా? ఎక్కడానికే నిచ్చెన కావాలి.”

“నిచ్చెన నేను చేసిస్తాలే. చిన్న బండి కొన్నావనుకో, మే నెలలో మంచు కరిగాక దొరుకుతావ్ మాకు.”

“నోరు మంచిది కాదు నీది.”

“వారం రోజులు తోలి చూడక్కా. నచ్చకపోతే వెనక్కిచ్చేద్దాం. అమ్మేవాడు ఒప్పుకున్నాడు.”

నాలుగు రోజులు ఊరి చుట్టుపక్కల తిప్పింది. ఐదో రోజు ఉదయం తొమ్మిదిన్నరకి స్వార్తా లోయ నుంచి గ్రోవ ఫోన్ చేసింది. గ్రోవకి పన్నెండు పాడి ఆవులు. ఓడ్నీ ఈడు మనిషి. ఎన్నడూ కంగారు పడని ఆ గొంతు ఆ రోజు వణికింది.

“తొలిచూలు పడ్డ. తెల్లారుజామునుంచీ నొప్పులు పడుతోంది. కాళ్ళు రెండూ కనిపిస్తున్నాయి, తల రావట్లేదే.”

“తల వెనక్కి తిరిగుంటుంది. నువ్వు లాగొద్దు. బతికుందా దూడ?”

“కాలు గిల్లితే వెనక్కి లాక్కుంది.”

“అయితే వస్తున్నా.”

“ఎట్లా వస్తావే? రోడ్డు మూసేశారుగా!”

“రోడ్డు మీద రానులే,” అంది ఓడ్నీ.

పాత తపాలా బాట ఒకటి మెట్ట మీదుగా ఉంది. బండరాళ్ళ మధ్య, వాగుల్లోంచి పోయే బాట. మెట్ట మొదట్లో ఓడ్నీ దిగి, నాలుగు టైర్లలోనూ గాలి బాగా తగ్గించింది. గాలి తగ్గితే టైరు రొట్టెలా పరుచుకుని మంచు మీద తేలుతుంది. నిజంగానే తేలింది. పాత జీపు గంటసేపు మూలిగే ఎత్తుని ఈ బండి చులాగ్గా ఎక్కేసింది. వాగు గట్టు మీద పేరుకున్న మంచుని ముక్కుతో నెట్టుకుంటూ పోయింది. తమ్ముణ్ణి ఊరికే కసిరానే అనుకుంది ఓడ్నీ. సాయంత్రం వాడికి ఫోన్ చేసి ఇదే కొంటానని చెప్పేద్దాం అనుకుంది.

మెట్ట సగం దాటాక బాట ఏటవాలు మీదికి తిరుగుతుంది. అక్కడ మంచు కింద ఒక రాయి ఉంది. ముందు ఎడమ చక్రం దాన్ని పక్కవాటుగా ఒరుసుకుంది. ధన్‌మని చప్పుడైంది, బండి ఒరిగి ఆగిపోయింది. దిగి చూస్తే టైరు రిమ్ము మీంచి ఊడి, విప్పేసిన గౌనులా వేలాడుతోంది.

టైము పదకొండుంబావు. గాలి దక్షిణం నుంచి తూర్పుకి మళ్ళుతోంది. ఆ చుట్టుపక్కల అలా మళ్ళిందంటే మధ్యాహ్నానికల్లా కళ్ళెదుటి బానెట్టు కూడా కనపడదు. సహాయ దళానికి ఫోన్ చేస్తే, వాళ్ళు సముద్రం పక్క రోడ్డులో ఇరుక్కున్న బస్సు దగ్గర ఉన్నారు. మూడు గంటలకి ముందు రాలేరు. ఓట్టర్‌కి చేసింది. మాట తెగుతూ తెగుతూ వినిపించింది.

“జాకీ కింద చెక్క పెట్టు. రిమ్ములో మంచంతా తుడిచెయ్. టైరుని లోపలికి తన్ని గాలి కొట్టు, అదే పట్టుకుంటుంది.”

“తన్నితే కదలట్లేదురా!”

“గట్టిగా తన్నవే!”

“నువ్వొచ్చి తన్ను!” అని అరిచి ఫోన్ జేబులో పడేసింది.

జాకీ మంచులోకి రెండుసార్లు దిగబడింది. మూడోసారి నిలబడింది. రిమ్ము తుడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, టైరు అంచుని రెండు చేతులతో లోపలికి తోసింది. ఒక పక్క ఎక్కిస్తే ఇంకో పక్క జారింది. వెనక తలుపుకున్న స్టెప్నీ దించుదామని నట్లు విప్పబోయి ఆగిపోయింది. అది తనకన్నా పెద్దగా తక్కువ బరువేం కాదు. దించితే దించగలదేమో, ఎత్తి బిగించడం కల్ల. మళ్ళీ టైరు దగ్గరికే వచ్చింది. గ్లవుజులతో పట్టు దొరక్క విప్పేసింది. పావుగంటకి వేళ్ళ కొసలు తెల్లబడ్డాయి. చూపుడువేలు గోరు దగ్గర చీలి రక్తం వచ్చింది, నొప్పి మాత్రం తెలియలేదు.

ఆ నొప్పి తెలియకపోవడమే ఆవిణ్ణి భయపెట్టింది. ఈ వేళ్ళు మొద్దుబారితే అక్కడికి చేరి మాత్రం ఏం చేస్తుంది? ఆవు లోపల చీకట్లో దూడ ముట్టె ఎక్కడుందో, కన్నెక్కడుందో వేళ్ళే చూడాలి. పని ఆపేసి బండెక్కి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కూర్చుంది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో, పశువు ఎదురుచూస్తూంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం అదే మొదటిసారి. అద్దాల మీద మంచు పేరుకుంది. గ్రోవ మళ్ళీ ఫోన్ చేసింది.

“ఎక్కడున్నావ్?”

“ఏటవాలు మీద. టైరు ఊడింది.”

“ఆస్గేర్‌ని పంపిస్తున్నా. నువ్వు మాత్రం బండి దిగకు,” అంది గ్రోవ.

ఆస్గేర్ ఆ బాటలో ముప్ఫై ఏళ్ళు తపాలా మోసిన మనిషి. ఇప్పుడు డెబ్భై దాటాడు. ఆయన జీపు మరీ చిన్నది, తలుపులకి తుప్పు. లోయలో అందరూ దాన్ని అగ్గిపెట్టె అంటారు. ముప్పావుగంట తర్వాత తెల్లటి తెరలోంచి రెండు పసుపు దీపాలు పైకీ కిందికీ ఊగుతూ వచ్చాయి.

ఆయన దిగి పెద్ద జీపు చుట్టూ ఒకసారి తిరిగి, నస్యం పీల్చాడు.

“ఓడ తెచ్చావేంటి డాక్టరమ్మా? సముద్రం అటుందిగా.”

“బాబాయ్, ఎగతాళి తర్వాత. నా పెట్టె అందుకో.”

“టైరెక్కిద్దామా?”

“వద్దు. దూడ ఆగదు.”

అగ్గిపెట్టె తేలలేదు. దూకింది, మూలిగింది, రెండు ఫర్లాంగులు పోయాక దిగబడింది. ఆస్గేర్ దిగి, పార అందుకుని చక్రాల ముందు నాలుగు పారలు, బండి పొట్ట కింద పది పారల మంచు తీశాడు. ఆవిణ్ణి స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, తను వెనక భుజం ఆనించాడు. బండి కదిలింది. అరమైలు తర్వాత మళ్ళీ దిగబడింది, మళ్ళీ తవ్వాడు. ఏటి గట్టు దగ్గర మూడోసారి.

“ఇన్నిసార్లు దిగబడితే విసుగు రాదా బాబాయ్?”

“దిగబడని బండి నేను చూళ్ళేదమ్మా. నేనొక్కణ్ణే తవ్వి తీయగలిగిందైతే చాలనుకున్నా. తపాలా సంచితో పాటు ఇంకో మగాణ్ణి ఎవరిస్తారు నాకు?”

ఓడ్నీ వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి విప్పి చూసుకుంటోంది. సూదులు గుచ్చినట్టు నొప్పి మొదలైంది. హమ్మయ్య అనుకుంది.

కొట్టంలో ఆవు పక్కకి ఒరిగి పడుకుని ఉంది. గ్రోవ దాని మెడ నిమురుతూ కూర్చుంది, కళ్ళెర్రగా ఉన్నాయి. ఓడ్నీ చేతులు వేణ్నీళ్ళలో కడిగి, భుజం దాకా నూనె రాసుకుని లోపలికి పెట్టింది. దూడ మెడ వంపు తగిలింది. చెవి తగిలింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆవు ఒళ్ళంతా చెయ్యి మీద బిగుసుకునేది, అది వదిలే దాకా ఓపిక పట్టేది. చివరికి కింది దవడ వేళ్ళకి దొరికింది. అరచేత్తో పళ్ళు కప్పి, మెల్లగా తల తిప్పింది.

“ఇప్పుడు లాగండి. ఇద్దరూ, మెల్లగా.”

దూడ గడ్డి మీద జారింది. కోడెదూడ, ఎర్రది, పెద్దది. ఊపిరి లేదు. ఓడ్నీ దాని ముక్కు తుడిచి, గడ్డిపరకతో గుచ్చి, పక్కటెముకలు రుద్దింది. చల్లనీళ్ళు కొట్టింది. చాలాసేపు రుద్దింది. గ్రోవే ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపింది.

“చాలే. తల్లిని చూడు.”

తల్లి బతికింది. సాయంత్రానికి లేచి నిలబడి నీళ్ళు తాగింది. అందరూ వంటింట్లో కూర్చుని పొగబెట్టిన గొర్రె మాంసం రొట్టెలో చుట్టుకు తింటున్నప్పుడు ఓడ్నీ అంది, “గంటన్నర ముందొస్తే బతికేది.”

“అసలు రాకపోతే రెండూ పోయేవి,” అంది గ్రోవ. అది నిజమే, కానీ ఓడ్నీ ఆ రొట్టె సగంలోనే పక్కన పెట్టేసింది.

మర్నాడు గాలి తగ్గాక ఓట్టర్ ఇద్దరు మనుషుల్ని తీసుకొచ్చి పెద్ద జీపుని దించాడు. ముగ్గురూ కలిసి పది నిమిషాల్లో టైరెక్కించారు.

“చూశావా, ఎంత సులువో!” అన్నాడు.

“ముగ్గురున్నారు కదరా మీరు.”

వాడు అక్క వేలికి కట్టిన గుడ్డ చూసి, జాకీ సర్దడం మొదలెట్టాడు.

ఓడ్నీ ఆస్గేర్‌ని ఆ అగ్గిపెట్టె అమ్ముతావా అనడిగింది. ఆయన నవ్వాడు. “దీనికింకో చలికాలమే ఆయుష్షు, నాకూ అంతే. నీ ఒంటికి సరిపోయేది నువ్వే వెతుక్కో.”

తర్వాత రెండు వారాలు అరువు బండ్లలో తిరుగుతూ వెతికింది. ఎవరు జీపు చూపించినా ఇంజను గురించి అడగలేదు. “జాకీ ఇవ్వండి, మీరు పక్కన నిలబడండి,” అనేది. వాళ్ళ వాకిట్లో, వాళ్ళు నోరు తెరుచుకుని చూస్తుండగా, ఒక చక్రం తనే విప్పి తనే బిగించేది. మూడు బండ్లు అక్కడే వద్దంది. నాలుగోది పక్క జిల్లాలో ఒక స్కూలు టీచరుది. పాతది, తేలికైనది, టైర్లు కాస్త వెడల్పు. చక్రం మోకాలి మీద ఆనించి ఎత్తితే బోల్టులకి సరిగ్గా అందింది. దాన్ని తోలుకుంటూనే ఇంటికొచ్చింది. పెద్ద జీపు సహాయ దళం కొనుక్కుంది, వాళ్ళు ఎప్పుడూ నలుగురు కలిసే వెళతారు. ఓట్టర్ నెలరోజులు అక్కతో ముభావంగా ఉన్నాడు. తర్వాత ఒక రోజు చెప్పకుండా వచ్చి, ఆవిడ బండి వెనక పార పెట్టుకోవడానికి పట్టీలు బిగించి వెళ్ళాడు.

ఫిబ్రవరిలో గ్రోవ కొట్టంలో ఒక ఆవుకి పాలజ్వరం వచ్చింది. ఓడ్నీ తపాలా బాటనే వెళ్ళింది. చేరేసరికి గడ్డం దాకా మంచు, ఒంటి నిండా చెమట.

“ఎన్నిసార్లు దిగబడ్డావే?” అంది గ్రోవ తలుపు తీస్తూ.

“నాలుగు.” ఓడ్నీ గ్లవుజులు విప్పి వేళ్ళు చూసుకుంది. “ఆవెక్కడ?”