సముద్రం కింద బొగ్గు బాయి

అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో ఒక జపాన్ ఆవిడ ఉండేది. అరవై దాటిన మనిషి. నేవీలో పనిచేసే అమెరికన్‌ను పెళ్లి చేసుకుని ఈ దేశం వచ్చింది. ఆయన పోయాక ఒక్కతే మిగిలింది. మా పాప ఆవిడను ఆంటీ అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి వీల్లేదు, కారు నడపడం రాదు. కార్ల కంపెనీలో ఇంజనీరైన మావారు ఆఫీసుకి వెళ్లాక పగలంతా నాకు ఆవిడే దిక్కు.

ఒకరోజు మాటల్లో, మా నాన్న ఇల్లందులో బొగ్గు బాయిలో దిగేవాడని చెప్పాను. ఆవిడ టీ కప్పు కింద పెట్టేసింది.

"మా నాన్న కూడా బాయిలో దిగినవాడే. మా బాయి మాత్రం సముద్రం కింద."

నాగసాకి దగ్గర సముద్రంలో ఒక రాతి గుట్ట ఉండేదట. దాని అడుగున బొగ్గు దొరికితే, తవ్వి తీసిన రాళ్లతోనే చుట్టూ పూడ్చి, ఎత్తైన గోడ కట్టి, దీవి నిండా కాంక్రీటు మేడలు లేపారు. మొక్క నాటడానికి మట్టి లేక, ఒడ్డు నుంచి పడవల్లో తెచ్చి మేడల మీద పోసి కూరగాయలు పెంచారు. తొమ్మిదో అంతస్తులో వీళ్లిల్లు. పెద్దయ్యాక ఆవిడ ఆ దీవి బడిలోనే టీచరయింది. ఆయిల్ వచ్చాక బొగ్గు ఎవరికీ అక్కర్లేకపోయింది. డెబ్బై నాలుగులో గని మూసేశారు. మూడు నెలలు తిరిగేసరికి దీవిలో మనిషి లేడు. టీవీలు, పిల్లల బొమ్మలు ఎక్కడివక్కడ వదిలేసి పడవలెక్కారు. ఒడ్డుకు చేరిన రెండేళ్లకే వాళ్ల నాన్న ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు.

రెండువేల తొమ్మిదిలో ఆ దీవిని చూడటానికి జనాన్ని రానిస్తున్నారని తెలిసి, ఆవిడ చిన్నపిల్లలా సంబరపడింది. తన ఇల్లు ఒక్కసారి చూసుకుంటే చాలని వేసవిలో వెళ్లింది. తిరిగొచ్చాక నాలుగు రోజులు తలుపు తీయలేదు. ఐదోరోజు చారు తీసుకుని వెళ్లాను.

"ఇంట్లోకి వెళ్లారా, ఆంటీ?"

"రెయిలింగ్ దాటనివ్వలేదు. దూరం నుంచి కిటికీ కనిపించింది. కిటికీ అంటే, ఖాళీ కన్నం."

చారు గిన్నె అందుకుని మళ్లీ మొదలుపెట్టింది.

"మాతో ఒక కొరియన్ పెద్దాయన వచ్చాడు. చికాగోలో ఉంటాడట. యుద్ధం టైంలో వాళ్ల నాన్నను కొరియా నుంచి పట్టుకొచ్చి మా బాయిలో దింపారట. ఆయన తిరిగి రాలేదు. అలా తెచ్చినవాళ్లని ఎక్కడ ఉంచేవారు అని గైడ్‌ని అడిగాడు. గైడ్ తెలియదన్నాడు. నాకు తెలుసు."

"మీకెలా తెలుసు?"

"మా బిల్డింగ్ అడుగున, గోడ పక్కన చీకటి గదులు. తుఫానొస్తే నీళ్లు నిండేవి. యుద్ధం అయ్యాక పుట్టినవాళ్లం, మేం అక్కడ దాగుడుమూతలు ఆడేవాళ్లం. ఇక్కడ ఎవరుండేవారని అడిగితే నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. యుద్ధంలో ఆయన ఆ బాయిలో సూపర్‌వైజర్."

"ఆ పెద్దాయనకి చెప్పారా?"

"లేదు. నా పక్కనే నిలబడ్డాడు. పడవలో ఇద్దరం అమెరికా గురించి మాట్లాడుకున్నాం. కార్డు కూడా ఇచ్చాడు."

"మీరు అప్పటికి పుట్టనే లేదు కదా. మీ తప్పేముంది?"

"అప్పుడు పుట్టలేదు. మొన్న అక్కడే ఉన్నాను."

ఆవిడ ఆ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. తనకు కంప్యూటర్ రాదు, తాను చెప్తుంటే ఆయనకు ఈమెయిల్ టైప్ చేసిపెట్టమంది. అలాగే, రేపు చేద్దాం అన్నాను.

ఆ మర్నాడే మావారిని లేఆఫ్ చేశారు. వీసా నిలవాలంటే వెంటనే ఇంకో ఉద్యోగం దొరకాలి. ఇంట్లో ఫోన్లు, రెజ్యూమెలు, అరుపులు. ఆవిడ రెండుసార్లు మెట్ల దగ్గర ఆపి "ఈరోజు చేద్దామా?" అని అడిగింది. రెండుసార్లూ రేపన్నాను. తర్వాత ఆవిడ అడగడం మానేసింది. నేను కూడా ఆవిడ తలుపు ముందు నుంచి కాకుండా వెనక మెట్ల మీదుగా వెళ్లడం మొదలుపెట్టాను.

మావారికి దూరాన పార్సిప్పనీ అనే ఊళ్లో కన్సల్టెంట్ పని దొరికింది. వారంలో ఇల్లు ఖాళీ చేశాం. సామాను సర్దే హడావుడిలో ఆ కార్డు పోయింది. సొరుగులన్నీ తిరగేశాను, బయట పడేసిన అట్టపెట్టెలు కూడా విప్పి చూశాను. దొరకలేదు. వెళ్లేముందు ఆవిడ దగ్గరికెళ్లి ఆ సంగతి చెప్పాను.

"పర్వాలేదు, నీకూ కష్టకాలం కదా" అంది. నా మొహం వైపు చూడకుండా మా పాప జుట్టు సవరించింది.

రెండువేల పదిహేనులో ఆ దీవిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారని వార్తల్లో చూశాను. అక్కడికి పట్టుకొచ్చిన వాళ్ల గురించి కొరియా వాళ్లు అడుగుతున్నారని కూడా అందులో ఉంది. వెంటనే ఆవిడకు ఫోన్ చేశాను. నంబర్ పనిచేయలేదు. అపార్ట్‌మెంట్ ఆఫీస్‌కి చేస్తే, ఆవిడ ఖాళీ చేసి చాలా ఏళ్లయిందని, అడ్రసు తమ దగ్గర లేదని అన్నారు. చికాగో పెద్దాయన పేరు చదివిన గుర్తు కూడా నాకు లేదు. ఆ గదులు ఎక్కడున్నాయో అడిగిన మనిషికి, తెలిసిన మనిషి చెప్పాలనుకుంది. మధ్యలో నేనున్నాను.