ఉప్పుకు చెప్పిన మూడు మాటలు

నా చిన్నప్పుడు, నేను మూడో తరగతిలో ఉండగా, ఒక శుక్రవారం సంధ్యవేళ కోయంబత్తూరులో మా అద్దె ఇంటి వాకిట్లో ఉన్నవాళ్లు: మా అమ్మ, మా నాన్న, మా అవ్వ, పక్కింటి అక్క, నేను. ఉన్న వస్తువులు: గుప్పెడు రాళ్ల ఉప్పు, ఎండుమిరపకాయలు, చెంబెడు నీళ్లు, నా మెడలో దర్గా నుంచి తెచ్చిన తాయెత్తు, నా పొట్ట మీద చర్చి నుంచి తెచ్చిన నూనె. మేము హిందువులమే. కానీ నెల దాటినా తగ్గని కడుపునొప్పి ముందు, ఏ దేవుడైతేనేం అనే దశకు మా ఇల్లు వచ్చేసింది. వీధి చివరి డాక్టరు నులిపురుగుల మాత్ర ఇచ్చాడు. నీళ్లు తాగుతున్నాడా అని అడిగితే, బాటిలు రోజూ ఖాళీగానే తెస్తాడని మా అమ్మ గర్వంగా చెప్పింది. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

మేము మా సొంతూరు మేలూరు వదిలి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. అక్కడ మా నాన్న రాళ్ల క్వారీలో కూలి. క్వారీ మూతపడ్డాక, ఇక్కడ పనులు బోలెడని ఎవరో చెబితే వచ్చాం. మున్సిపాలిటీ పనుల కాంట్రాక్టరు మా నాన్న తెలుగు విని, ఇంకేమీ అడక్కుండా చీపురు చేతికిచ్చాడు. ఆ ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు రెండు రకాలు: మిల్లులూ భూములూ ఉన్నవాళ్లు, వీధులు ఊడ్చేవాళ్లు. బడిలో చేర్చిన రోజున మా అమ్మ నాతో తెలుగులో మాట్లాడటం టీచరు విన్నది. అమ్మ చీర వైపు చూసింది. మేము ఏ రకమో ఆవిడ అక్కడే తేల్చేసుకుంది. మా వాళ్లు తమిళనాటికి వచ్చి వందల ఏళ్లయింది. అయినా తరగతిలో నా పేరు 'వందేరి'. ఎక్కడి నుంచో వచ్చిపడినవాడు అని దాని అర్థం.

ఆ సాయంత్రం దిష్టి తీయబోతున్న అవ్వ చేతిలోంచి ఉప్పు లాక్కున్నది పక్కింటి అక్క. ఆమె నూలుమిల్లులో పని చేసేది.

"ఈ తూరి నేను తీస్తా అవ్వా. మీరంతా లోపలికి పోండి. మా అమ్మమ్మ పద్ధతి, ఎవురూ వినకూడదు."

"పెండ్లి కాని పిల్లవు, నీకేం తెలుసే?"

"ఉప్పుకూ పెండ్లికీ ఏం సంబంధం? పో అవ్వా, పో."

అందరూ వెళ్లాక, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ నా చుట్టూ తిప్పింది. తిప్పడం అయ్యాక నేను అలవాటుగా ఉమ్మబోతే పిడికిలి వెనక్కి లాక్కుంది.

"ఆగు కన్నా. సుమ్మా ఊరికే ఉమ్మితే పోదు. నిన్ను ఏది నొప్పిస్తా ఉండాదో దాని పేరు ఉప్పుకు చెప్పి ఉమ్మాల. ఉప్పు నీళ్లలో కరిగిపోతాది. ఎవురికీ తెలీదు."

"నీకు తెలస్తాది కదా?"

"నేను చెవిటిదాన్ని. మిల్లు చప్పుడుకు పోయినాయి నా చెవులు."

నేను నమ్మాను. బక్కెట్టు అని చెప్పి ఉమ్మాను. కక్కూసు అని చెప్పి ఉమ్మాను. టీచరు అని చెప్పి ఉమ్మాను. ఆ చెవిటిది మూడూ విన్నది. మిగతాది ఒక్కొక్క ముక్కగా, తొందర లేకుండా, నా చేత చెప్పించింది.

సంగతి ఇది. కక్కూసుకు వెళ్తానని నేను వేలు చూపిస్తే, "వెళ్తున్నావు కదా, కడిగి రా" అని టీచరు బక్కెట్టూ చీపురూ ఇచ్చేది. తరగతిలో ఇంకెవరికీ ఇచ్చేది కాదు. అందుకని నేను అడగడం మానేశాను. అడగకుండా ఉండాలంటే నీళ్లు తాగకూడదు. మా అమ్మ నింపిన బాటిలు రోజూ దారిలో ఒకరింటి మునగచెట్టుకు పోసేవాణ్ణి. ఇంటికొచ్చేదాకా బిగపట్టుకునేవాణ్ణి. తర్వాత మంట, జ్వరం, పొత్తికడుపులో పోటు. ఇంట్లో చెప్పలేదు. ఊరు మారిన ఇళ్లలో పిల్లలు పెద్దవాళ్ల ముఖాలు చూసి, అందులో ఇంకొక్క కష్టానికి చోటుందో లేదో లెక్కవేస్తారు. ఆ లెక్క ఏ పిల్లవాడూ వేయకూడదు.

అక్క మాట ప్రకారం ఉప్పును చెంబులో కరిగించి కాలువలో పారబోసింది. వెంటనే లోపలికి వెళ్లి అందరికీ చెప్పేసింది.

మా నాన్న గొంతు తగ్గించి అన్నాడు: "మెల్లంగా మాట్లాడు పాపా. బడిలో పేరు కొట్టేస్తే ఎక్కడికి పోయేది? రెండు బక్కెట్లే కదా. మనకేం కొత్తా?"

"మామా, నువ్వు జీతానికి కడగతా ఉండావు. వాణ్ణి చదువుకని పంపినావు. ఒళ్లు కాలతా ఉండాది, తాకి చూడు."

మా నాన్న తాకి చూశాడు. మర్నాడు డాక్టరుకు అసలు విషయం చెబితే మందు మారింది, జ్వరం దిగింది.

సోమవారం అక్క రాత్రి షిఫ్టు ముగించుకుని, జుట్టులో దూది పోగులతోనే నన్ను బడికి తీసుకెళ్లింది. మా నాన్న గేటు దగ్గరే నిలబడిపోయాడు. అక్క ఆ బక్కెట్టు తెచ్చి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టి తమిళంలో అడిగింది: "సార్, ఈరోజు ఎవరి వంతు? అందరి పేర్లూ వరసగా ఉంటే వీడి పేరూ ఉండనివ్వండి."

"ఇంట్లో అలవాటున్న పిల్లలు కదమ్మా," అన్నాడాయన, చాలా మెత్తగా.

"మా ఇంట్లో అన్నం తినే అలవాటు కూడా ఉంది సార్. మధ్యాహ్నం భోజనానికి ఎప్పుడైనా వీణ్ణి ముందు పిలిచారా?"

ఆయన బల్ల వైపు చూశాడు. ఇక వీణ్ణి కడగమని పిలవరులే అన్నాడు. అక్క కదల్లేదు. ఆ గదిలోని కుండలోంచి, ఆయన గ్లాసుతోనే, నీళ్లు ముంచి నాకిచ్చింది. తాగేదాకా నిలబడింది. తర్వాత కక్కూసు దాకా నడిపించి, తెలుగులో, బడంతా వినేలా అన్నది: "చేతులు ఊపుకుంటా పో."

ఖాళీ చేతులతో నేను అందులోకి వెళ్లడం అదే మొదటిసారి.

ఆ గురువారం బక్కెట్టు మా వీధి నుంచే వచ్చే రెండో తరగతి పాప చేతిలో కనిపించింది. సాయంత్రం నేనే అక్క దగ్గరికి వెళ్లి చెప్పాను. ఈసారి ఉప్పు అవసరం రాలేదు. మర్నాడు మా వీధి తల్లులందరూ పనికి వెళ్తూ వెళ్తూ, చీపుర్లతో సహా, హెడ్మాస్టరు గది ముందు నిలబడ్డారు. అప్పుడు బడిలో కక్కూసు కడగడానికి జీతానికి ఒక మనిషిని పెట్టారు. ఇంత సులువైన పనికి ముందు నేను మంచం పట్టాల్సి వచ్చింది. ఆ పెట్టిన మనిషి కూడా మా వీధివాడే. అది ఇంకో కోపం.

ఇప్పుడు నేను ఒక పంపుల కంపెనీలో డిజైన్ ఇంజనీరుని. చుట్టాల పిల్లలు కడుపునొప్పి అంటే ఏం తిన్నావని అడగను. బడిలో నీళ్లు తాగుతున్నావా, కక్కూసుకు వెళ్తానంటే చేతికి ఏమిస్తారు అని అడుగుతాను. పెద్దవాళ్లు నన్ను వింతగా చూస్తారు. చూడనీ. టీచరు మీదా, ఆ మెత్తటి గొంతు మీదా నా కోపం ఒక్క పిసరు కూడా తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

దాహం మాత్రం నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. ఆ ఏడాదిలో నా ఒళ్లు దాన్ని మరిచిపోయినట్టుంది. అందుకని లెక్కపెట్టుకుని తాగుతాను.

ఈరోజు ఇప్పటికి ఆరు గ్లాసులు.